అందరి వెనక బండి

కాక పోయాడని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఆరో తరగతి వాళ్ల కాపీలు దిద్దుతున్నాను. "పొద్దుగాల పోయిండట. దవాఖానలనే. వస్తవా?" అన్నాడు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఇంకో నాలుగు కాపీలు దిద్దాను. తప్పు జవాబులకు కూడా టిక్కులు పెట్టానని మర్నాడు పిల్లలు చెబితే తెలిసింది.

ఆయన మాకు చుట్టం కాదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద మోటార్‌సైకిళ్లు బాగుచేసే మనిషి. ఊళ్లో సగం మంది ఆయన్ని కాక అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. రెండేళ్ల కింద నేపాల్ కొండల్లో, వానలో, బండి కింద కాలు ఇరుక్కుని చాలాసేపు పడి ఉన్నాడు. ఆ కాలే చివరికి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన అంతసేపు అక్కడ ఎందుకు పడి ఉండాల్సి వచ్చిందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నా డైరీకి కూడా తెలియదు. ఆ రోజు పేజీలో ఆయన నలుగురికీ చెప్పిన మాటే రాసుకున్నాను. అది అబద్ధం.

కాకను గురించి చెప్పాలంటే ముందు ఆయన చెవిని గురించి చెప్పాలి. బండి స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు నోరు కొంచెం తెరుచుకునేది. ఆ సమయంలో పక్కన ఎవరైనా మాట్లాడితే స్క్రూడ్రైవర్ తీయకుండానే ఎడమ చెయ్యి లేపి ఆపేవాడు. మిర్చి సీజన్‌లో ఆ రోడ్డంతా ఘాటు. బస్తాలు దించి వచ్చే రైతులు, బండ్లు తెచ్చేవాళ్లు, దారినపోయేవాళ్లు అందరూ తుమ్మేవాళ్లు. కాక మాత్రం తుమ్మకుండా ఇంజన్ వినేవాడు. ఎట్లా అని అడిగితే "ముక్కుకు పని చెప్తే చెవి పనిచెయ్యది" అన్నాడు.

ఆయనకు నచ్చని మాట ఒక్కటే, అందాజ.

"ప్లగ్గు పోయిందనుకుంట కాకా," అని ఎవరైనా అంటే, "చూసినవా?" అనేవాడు.

"చూడలే. అందాజగ చెప్తాన."

"అందాజ వద్దు. ఇప్పి చూద్దాం."

విప్పి చూస్తే చాలాసార్లు ప్లగ్గే ఉండేది. "జెప్పిన కద కాకా," అని ఆ మనిషి నవ్వితే, "నువ్వు జెప్పినవు, నేను చూసిన," అనేవాడు. ఆ రెండింటికీ తేడా ఉందని ఎవరితోనూ వాదించేవాడు కాదు. ప్లగ్గు మార్చి చెయ్యి తుడుచుకునేవాడు.

నా స్కూటీ బాగయ్యేదాకా నేను అక్కడి బల్ల మీద కూచుని పుస్తకం చదువుకునేదాన్ని. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం రాదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంటే ఎవరూ పలకరించరు. కాక ఒక్కడే ఆ అడ్డాన్ని లెక్కచెయ్యలేదు. "ఏం రాసిన్రు బిడ్డా దాంట్ల?" అనేవాడు పని చేసుకుంటూనే. నేను మెల్లగా కథ చెప్పేదాన్ని. ఒకసారి ఒక కథలో నాయకుడు దిగులుతో చచ్చిపోయాడంటే పానా పక్కన పెట్టాడు.

"దిగులుతోని ఎట్ల సస్తడు? జరం వచ్చిందా? అన్నం మానేసిండా?"

"అదేం రాయలేదు కాకా."

"మరి రాసినాయన ఇప్పి చూడలే అన్నట్టు," అన్నాడు. ఇంటికి పోయి ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత ఏ పుస్తకం చదివినా మధ్యలో ఆగి, ఈ రాసినాయన విప్పి చూశాడా లేదా అనుకోవడం నాకు అలవాటైంది.

ఇంకొకటి, ట్యూబు ముక్కలు. పాత ట్యూబులు ఆయన పారేసేవాడు కాదు. గాజుల్లా సన్నగా కోసి, మేకుకు వేలాడదీసేవాడు. కాగితాలకూ, డబ్బా మూతలకూ, తెగిపోయిన చెప్పుకూ అవే. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి రోజంతా కూచోలేక మెకానిక్ అయ్యానని చెప్పేవాడు. కానీ ఏదైనా ముడి వెయ్యాల్సి వస్తే ఆయన వేళ్లు నేత మనిషి వేళ్లే. ఎంత లాగినా ఊడేది కాదు, తనే పట్టి లాగితే ఒక్కసారికి ఊడేది.

అన్నయ్యా అతని ముగ్గురు స్నేహితులూ బండ్ల మీద నేపాల్ పోదామని ఏడాదిగా అనుకుంటున్నారు. నేనూ వస్తానన్నాను. ఎట్లా అనగలిగానో ఇప్పటికీ తెలియదు. ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు అన్నయ్య కాకను అడిగాడు.

"కాకా, నేపాల్ వస్తవా మాతోని?"

"ఆడ నాకేం పని తమ్మీ?"

"పనేం లేదు. చూసుడే."

"చూసుడు మంచి పనే," అన్నాడు కాక. ఆయన వస్తున్నాడంటే అమ్మ ఒప్పుకుంది. నేను అన్నయ్య పాత బండి నడపాలి. దాని మీద కూచుంటే నా కాళ్లు సరిగా ఆనేవి కావు. కాక సీటు విప్పి, లోపలి స్పాంజిని రెండు వేళ్ల మందం కోసి, మళ్లీ కుట్టాడు. "కాళ్లు భూమికి ఆనాలె. గప్పుడే ధైర్యం," అన్నాడు.

బండ్లను వరంగల్ స్టేషన్‌లో పార్సిల్ వేసే ముందు పెట్రోలు తీసెయ్యాలి. ఖాళీ చేసిన ప్రతి ట్యాంకులో కాక ముక్కు పెట్టి వాసన చూశాడు. గోరఖ్‌పూర్‌లో దిగి, మళ్లీ పెట్రోలు పోసుకుని, సరిహద్దు దాటాం. అక్కడి కస్టమ్స్ వాళ్లు బండ్లకు ఇచ్చే భన్సార్ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్యూబు ముక్క చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. నేపాల్‌లో గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది. మేమందరం మార్చుకున్నాం. ఆయన మార్చలేదు. "పావుగంట కోసం గడియారం ముట్టుకోవాల్నా? నా పావుగంట ఎనక నేనే వస్త," అన్నాడు. అన్నయ్య స్నేహితులు ఆ మాటకు రెండు రోజులు నవ్వారు.

కొండ ఎక్కే ముందు రోడ్డు పక్కన మమ్మల్ని నిలబెట్టి ఒక పద్ధతి చెప్పాడు.

"ముందటోని ఫికర్ మీకొద్దు. ఎనకటోని ఫికర్ మీది. ఒక్కొక్క మలుపు తిరిగినంక అద్దంల చూడుండ్రి. ఎనక బండి లైటు కనబడాలె. కనబడకుంటే ఆగుండ్రి. మీరు ఆగితే మీ ముందటోడు ఆగుతడు. గట్ల అందరం ఆగుతం."

"నువ్వు ఎవరి దగ్గర్నో ముచ్చట పెడుతుంటవు కాకా. గప్పుడు సుత ఆగాల్నా?" అన్నాడు అన్నయ్య స్నేహితుడొకడు.

"ఆగాలె. ముచ్చట పెడుతుండు కావచ్చు అని అందాజ పెట్టకుండ్రి."

అన్నయ్య ముందు, అతని స్నేహితులు ముగ్గురు మధ్యలో, తర్వాత నేను, నా వెనక కాక. ఆయన వెనక ఎవరూ లేరు. అంటే ఆయన ఫికర్ నాది.

పోఖరా నుంచి తిరిగి వస్తున్న రోజు పొద్దున్నుంచే వాన. పాల్పా దగ్గర మేమున్న చిన్న హోటల్ వరండాలో కాక మా అందరి మణికట్ల మీద, రెయిన్‌కోట్ చేతుల అంచుల మీద ట్యూబు ముక్కలు తొడిగాడు, లోపలికి నీళ్లు పోకుండా. నాకు తొడిగేటప్పుడు "బిగుతున్నదా?" అని రెండుసార్లు అడిగాడు. కొండ మీది నుంచి ఎర్రమట్టి రోడ్డు మీదికి కారుతోంది. ఒకవైపు లోయ. ఇంకోవైపు కొండను ఆనుకుని రాళ్లు కట్టిన కాలువ. హెల్మెట్ అద్దం మీద నీళ్లు, పక్క అద్దాల మీద నీళ్లు. చేతి తొడుగుతో తుడుచుకుంటూ చూడాలి.

బయల్దేరిన అరగంటకు అద్దంలో లైటు కనబడలేదు. ఆగాను. హారన్ కొట్టాను. అందరూ ఆగారు. వానలో నిలబడ్డాం. రెండు నిమిషాలకు కాక వచ్చాడు. దారిలో ఒక రేకుల షెడ్డు కింద ఎవరో బండి స్టార్ట్ అవ్వక అవస్థ పడుతుంటే ఆగాడట.

"నీ చెల్లె చెల్లెనా, సీసీ కెమెరానారా?" అన్నాడు అన్నయ్య స్నేహితుడు. మిగతావాళ్లు నవ్వారు. "గిట్ల ఆగుకుంట పోతే బోర్డర్ రేపు దాటుతం."

అన్నయ్య కూడా నవ్వాడు. అదే నాకు ఎక్కువ తగిలింది.

"మంచిగ చేసింది. మళ్ల గిట్లనే ఆగు బిడ్డా," అన్నాడు కాక. నేను తల ఊపాను.

ఇంకో ఇరవై నిమిషాలకు ఒక పెద్ద మలుపు తిరిగాక మళ్లీ చూశాను. లైటు లేదు. అద్దం తుడిచి చూశాను. లేదు. బండి నెమ్మది చేశాను. బ్రేకు మీద కాలు పెట్టాను కూడా. ముందు నాలుగు ఎర్రలైట్లు దూరమవుతున్నాయి. మళ్లీ ఏదో షెడ్డు దగ్గర ఆగి ఉంటాడు అనుకున్నాను. అనుకోలేదు, అనుకోవాలని నిర్ణయించుకున్నాను. మళ్లీ ఆపితే వాళ్లు మళ్లీ నవ్వుతారు. బ్రేకు మీద నుంచి కాలు తీశాను. ఆ తర్వాత అద్దంలో చూడటం మానేశాను.

చాలా కిందికి దిగాక ఒక బజారులో చాయ్ కోసం ఆగారు. "కాక ఏడి?" అన్నాడు అన్నయ్య.

"వస్తాండు," అన్నాను.

ఆ ఒక్క మాట. అది అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. వాళ్లు చాయ్ తాగారు, పకోడీలు తిన్నారు, వాన తగ్గుతుందేమోనని చూశారు. నా గ్లాసు చల్లారిపోయింది. చివరికి అన్నయ్యే గడియారం చూసి లేచాడు. వెనక్కి ఎక్కి ఆయన్ని చేరేసరికి, నేను బ్రేకు మీద నుంచి కాలు తీసిన దగ్గర్నుంచి లెక్కిస్తే గంటా పది నిమిషాలు.

మలుపులో మట్టి మీద జారి, కొండవైపు కాలువలో పడ్డాడు. బండి ఆయన ఎడమ కాలి మీద ఉంది. సైలెన్సర్ పిక్కకు ఆనుకుని ఉంది. కాలువలో ఎర్రనీళ్లు ఆయన నడుము చుట్టూ పోతున్నాయి. రెండు లారీలు పోయాయట, కాలువలో ఉన్నవాడు వాటికి కనబడలేదు. మేం బండి లేపుతుంటే ఆయన అన్న మొదటి మాట, "పెట్రోలు కారుతాంది. ఎవలు సిగిరెట్ ముట్టియ్యకుండ్రి." రెండో మాటకు ముందు నా ముఖం చూశాడు. నా ముఖంలో అంతా ఉండి ఉంటుంది. ఆయన వినే మనిషి కదా, చూడగలడు కూడా.

"నేనే పొమ్మన్న బిడ్డను," అన్నాడు అన్నయ్యతో. "పడకముందే చెయ్యి ఊపిన, మీరు నడువుండ్రి ఎనక వస్త అని. దాన్నేమనకుండ్రి."

జీవితంలో చూడనిదాన్ని చూశానని చెప్పని మనిషి. నేను నోరు తెరవలేదు.

బుట్వల్‌లో డాక్టరు కాలు చూసి, రక్తం ఆడక చాలాసేపైంది, ముందే తెస్తే బాగుండేదన్నాడు. హిందీలో అన్నాడు. అందరికీ అర్థమైంది.

వరంగల్ వచ్చాక రెండు ఆపరేషన్లు చేశారు. కాక మళ్లీ షాపు తెరిచాడు, స్టూలు మీద కూచుని ఎడమ కాలు ముందుకు చాపి. షుగర్ ఉంది, పుండు మానలేదు. నేను నా స్కూటీని ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఆ రోడ్డు మీదుగా పోవాల్సి వస్తే చుట్టుతిరిగి పోయేదాన్ని. ఒకరోజు తొందరలో అటే పోయాను. ఆయన షాపు లోపల ఉన్నాడు, నా వైపు వీపు పెట్టి. బండి దాటిపోతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"ఓ బిడ్డా, ఆగు జర. బండి సప్పుడు మారింది. ఎవలు ముట్టిన్రు దీన్ని?"

ఆగాను. స్టూలు జరుపుకుంటూ వచ్చి, కార్బురేటర్ దగ్గర ఏదో స్క్రూ పావు చుట్టు తిప్పాడు. కట్టు మీదికి ఈగలు వస్తుంటే గుడ్డతో విసురుకుంటున్నాడు. అప్పటికి రెండు వేళ్లు తీసేశారు.

"కాకా, ఆ రోజు నేను," అన్నాను.

ఎడమ చెయ్యి లేపాడు, ఇంజన్ వినేటప్పుడు లేపినట్టే.

"ఒకసారి బిగించిన బోల్టును రోజూ ఇప్పి చూడొద్దు బిడ్డా. మర పోతది," అన్నాడు. అన్నీ విప్పి చూడాలనే మనిషి. "ఇయ్యాల ఏం పుస్తకం?" అన్నాడు తర్వాత. సంచిలో పుస్తకం ఉంది. లేదన్నాను. ఆయన విషయంలో నా నోటితో ఆడిన రెండో అబద్ధం అది. ఆ తర్వాత మోకాలి కిందికి కాలు తీసేశారని, అయినా పుండు విషం పైకి పాకుతోందని అన్నయ్య చెప్పాడు. చూడటానికి పోలేదు.

దినాల నాడు పోయాను. మధ్యాహ్నం, చుట్టాలు భోజనాలు చేసి వెళ్లిపోయారు. ఇంట్లో సగం మగ్గమే. సగం నేసిన జంపఖానా దాని మీద అట్లాగే ఉంది. ఆయన భార్య మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూచుంది. ఆమెను చిన్నమ్మ అని పిలవాలి, అప్పటిదాకా ఎప్పుడూ పిలవలేదు.

"నువ్వు ఆ పుస్తకాల పిల్లవు కద," అంది.

"అవును చిన్నమ్మా."

"నీకే కద చెయ్యి ఊపిండు, పొమ్మని."

ఆమె నన్ను అడగటం లేదు, తనలో తను చెప్పుకుంటోంది.

"ఎందుకు ఊపినవయ్యా అని రెండేండ్లు అడిగిన. దేశంగాని దేశంల, ముసురువానల, ఎనక తోడున్న ఒక్క పిల్లను ఎందుకు పొమ్మంటివి అని. కట్టు మార్చినప్పుడల్ల అడిగిన. కాలి ఏళ్లు తీసిన నాడు అడిగిన. కాలు తీసిన నాడైతే నోటికొచ్చినట్టు తిట్టిన. నీ చేతులార చేసుకున్నవ్, నన్ను గిట్ల చేసినవ్ అన్న. మారు మాట్లాడేటోడు కాదు. అవునే, తప్పయింది అనేటోడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆఖర్న దవాఖానల రెండు దినాలు మాట్లాడలే నేను. కోపానికి. అన్నం డబ్బా ఆడ పెట్టి బయట కూచున్న. మూడో దినం పొద్దుగాల పోయిండు."

ఆయన చెప్పిన అబద్ధం నన్ను కాపాడిందని మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ అబద్ధానికి ఆయన ఇంట్లో రోజూ తిట్లు తిన్నాడని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు కూడా తల వంచుకుని కాసేపు కూచుని లేచి రావచ్చు. ఆమె ఇంకేం అడగదు.

"ఊపలేదు చిన్నమ్మా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"కాక చెయ్యి ఊపలేదు. నేనే ఆగలేదు."

"లైటు కనబడలేదా నీకు?"

"కనబడలేదు."

"కనబడకుంటే ఆగాలని ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి?"

"అంతకుముందు ఒకసారి ఆగితే అందరు నవ్విన్రు. మళ్ల నవ్వుతరని ఆగలేదు. మా అన్న అడిగితే కాక వస్తాండని చెప్పిన."

"నవ్వుతరని," అంది ఆమె. ఆ మాటను ఇంకోసారి అంది. తర్వాత అడిగింది, "ఆయనకు ఎరుకేనా ఇది?"

"ఎరుకే. చెప్పబోతే వద్దన్నడు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు చేతులూ నేల మీద ఆనించి కొంచెం ముందుకు వంగింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"అట్లయితే నేను తిట్టిన తిట్లన్ని ఆయనయి కావు. నీయి."

"నాయే చిన్నమ్మా."

నేను లేచి పోతానేమోనని చూసింది. లేవలేదు.

"కూచో అయితే," అంది. కూచున్నాను. ఆ తిట్లను ఆమె మొదటినుంచి మొదలుపెట్టింది.